రియోలో ఒక్క రోజే ఉంటే లాపా కమాన్లు చూడొచ్చా?

"రియో డి జనీరోలో ఒక్క రోజే ఉంటాం, లాపా కమాన్లకు టైం పెట్టొచ్చా?" అని అడిగారు. తప్పకుండా పెట్టండి. ఊరికి నీళ్లు తేవడానికి కట్టిన పాత నీటి వంతెన (అక్విడక్టు) అది. కాకపోతే రాత్రి మాత్రమే చూసి వచ్చేయకండి.

నేను ఓడల్లో పనిచేస్తాను. మా ఓడ అక్కడ ఆగినప్పుడు తోటివాళ్లతో శుక్రవారం రాత్రి వెళ్లాను. వీధి నిండా జనం, ఎటు తిరిగినా సాంబా డప్పులు. తెల్లటి కమాన్ల ముందు పది ఫోటోలు దిగి అందరూ పద పదమన్నారు. అదెందుకు కట్టారని ఒక్కరూ అడగలేదు. నాకు మనసు చివుక్కుమంది. మాది కోనసీమ. పి.గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా కాలువను అవతలి లంకకు దాటించే అక్విడక్టును చూస్తూ పెరిగాను. నీళ్ల కోసం కట్టినదాన్ని ఫోటోలకు గోడలా వాడుకుంటే ఎలా?

మర్నాడు పొద్దున్నే ఒక్కణ్నే వెళ్లి, పసుపు రంగు ట్రాం ఎక్కాను. 1896 నుంచి ఈ కమాన్ల మీదుగానే సాంతా తెరెజా కొండకు ట్రాం నడుస్తోంది. పక్కలు తెరిచి ఉంటాయి, చెక్క బెంచీలు. పట్టాలకు అటూ ఇటూ జానెడు జాగా కూడా ఉన్నట్టు అనిపించదు. 17 మీటర్లకు పైగా ఎత్తు, కడ్డీ గట్టిగా పట్టుకున్నాను. కిందికి చూస్తే రాత్రి మేం నిలబడ్డ చోటే ఎవరో ఖాళీ సీసాలు ఊడుస్తున్నారు. ముందు బెంచీలో ఒక పెద్దావిడ మనవడికి పట్టాల వైపు చూపిస్తూ "ఆగ్వా, ఆగ్వా" అంటోంది. ఆవిడ మాటల్లో నాకు తెలిసింది అదొక్కటే: నీళ్లు. మేం కూర్చుని వెళ్తున్న దారిలోనే ఒకప్పుడు కరియోకా నది నీళ్లు పారేవి.

ఈ కమాన్ల కట్టడం పోర్చుగీసు పాలనలో 1750లో పూర్తయింది. రెండు వరసల్లో 42 కమాన్లు. కట్టిన చేతులు చాలావరకు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లవి. ఊళ్లో ఫౌంటెన్ దాకా నీళ్లొచ్చాక, అక్కణ్నుంచి ఇళ్లకు నెత్తిన మోసిందీ వాళ్లే. గైడ్లు ముందు చెప్పాల్సింది ఇది. మాకు దొరికినతను మాత్రం ఏ బార్లో ఏది చవకో చెప్పాడు.

ఇంకో మాట. కమాన్ల కింద ఉచ్చ కంపు భరించలేం. అంత గొప్ప కట్టడానికి ఆ గతేంటో! మా ఊరివాళ్లకూ నేనిదే చెబుతుంటాను, కాలువ గట్టు మీద చెత్త పోయొద్దని.

ట్రాంకి క్యూ పెద్దగా ఉంటుంది, పొద్దున మొదటి ట్రిప్పులకే వెళ్లండి. ఫోన్ జేబులో పెట్టుకుని చూడండి.