ఒంటరి తీగ మీద బస్సు నడవదు

అమ్మాయీ,

పైన తీగల నుంచి కరెంటు అందుకుని రోడ్డు మీద నడిచిన బొంబాయి ట్రాలీబస్సుల మీద నువ్వు రాసిన కథ అందింది. మూడో పేజీ దగ్గర కోపం వచ్చి పక్కన పెట్టేశాను. మధ్యాహ్నం నిద్ర లేచాక మళ్ళీ తీశాను. కోపం తగ్గి ఉంటే "బాగుంది, రాస్తూ ఉండు" అని ఒక కార్డు ముక్క పడేసి ఊరుకునేవాణ్ణి. తగ్గలేదు కనుక ఇంత ఉత్తరం.

"బొంబాయి ఆకాశంలో ఒంటరి తీగ, దాన్ని పట్టుకుని వేలాడే ఒంటరి బస్సు" అని రాశావు. అచ్చులో అందంగా కనిపిస్తుంది, పదిమంది మెచ్చుకుంటారు కూడా. కానీ ఒంటరి తీగ మీద ట్రాలీబస్సు అంగుళం కదలదు. ట్రాముకైతే ఒక తీగ చాలు. పైనుంచి దిగిన కరెంటు మోటారును తిప్పి, ఇనుప చక్రాల గుండా పట్టాల్లోకి పోయి తిరుగుదారి పడుతుంది. ట్రాలీబస్సుకు పట్టాలెక్కడివి? ఉన్నవి రబ్బరు టైర్లు. వచ్చిన కరెంటు తిరిగి పోయే దారి కూడా పైనే ఉండాలి. అందుకే రెండు తీగలు, వాటిని అందుకోవడానికి బస్సు నెత్తిన రెండు గడలు. నువ్వు పుట్టి పెరిగింది బిట్రగుంటలో కదా! ప్లాట్‌ఫారం మీద నిలబడి తలెత్తితే అక్కడా ఒకదాని కింద ఒకటి రెండు తీగలు కనిపిస్తాయి. పైది కిందిదాన్ని మోయడానికి. ఇంజను కరెంటు అందుకునేది కిందిదాని నుంచే. తిరుగుదారి పట్టాలు. రోజూ రైళ్ళ చప్పుడులో నిద్రపోయే పిల్లవు, ఒక్కనాడైనా అడగాలనిపించలేదా?

ఇంకోచోట బస్సు "ఇంజను గర్జిస్తూ" బయలుదేరింది. ట్రాలీబస్సుకు ఇంజనే లేదు, గర్జించేదెక్కడ? అది వస్తున్నట్టు చెవికి తెలియక జనం దానికి అడ్డంపోయేవాళ్ళు. ఇంగ్లండులో దానికి 'నిశ్శబ్ద మృత్యువు' అని పేరు పెట్టింది అందుకే. నీ కథకు కావలసిన భయం అందులోనే ఉంది, నువ్వు డీజిలు బస్సు చప్పుడు అరువు తెచ్చుకున్నావు.

అన్నిటికంటే ఒళ్ళు మండింది ఆ వానకు. ఆఖరి బస్సు జోరువానలో డిపోకు చేరుతుంది, కండక్టరు కన్నీళ్ళూ వాననీళ్ళూ కలిసిపోతాయి. బొంబాయిలో ట్రాలీబస్సు ఆగిపోయింది 1971 మార్చి 24న. మార్చిలో ఆ ఊళ్ళో జోరువాన ఏమిటమ్మా? మన నెల్లూరుకు కార్తీకంలో వాన, వాళ్ళకు జూన్‌లో వాన. అంతగా వాన మీద మనసుంటే మొదటి ప్రయాణానికి పెట్టుకో. గోవాలియా ట్యాంకు నుంచి మజగాఁవ్ డాకు దాకా ఆ బస్సులు మొదలైంది 1962 జూన్ 11న, రుతుపవనాలు బొంబాయి తట్టే రోజుల్లో. అన్నట్టు గోవాలియా ట్యాంకు మైదానమంటే 1942 ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపు పుట్టిన చోటు. ఆ సంగతి నువ్వు ఎత్తకపోవడమే మేలైంది, ఎత్తితే ఆ పేరాలో జెండా ఎగరక మానదు.

నువ్వు వదిలేసిన అసలు సంగతి చెబుతాను. లండన్ ట్రాలీబస్సులు 1931లో మొదలై, ఒక దశలో 68 రూట్లలో 1,811 బస్సులతో ప్రపంచంలోనే అతి పెద్ద వ్యవస్థ అయ్యాయి. అంతటి లండన్ తన ఆఖరి ట్రాలీబస్సును 1962 మే 8న ఆపేసి డీజిలు బస్సులకు మళ్ళింది. బొంబాయి మొదలుపెట్టింది జూన్ 11న. మధ్య నెలా మూడు రోజులు! ఒక మహానగరం వదిలేసిన దాన్ని మరో మహానగరం కొత్త ముచ్చటగా తలకెత్తుకుంది. నీ కండక్టరు ఆ కొత్త ఉద్యోగంలో చేరేవాడు. లండన్ వార్త ఏ పాత పేపరులోనో చదివి ఉంటే ఆ రాత్రి భార్యతో ఏమనేవాడు? కథ అక్కడుంది. నువ్వేమో తొమ్మిదేళ్ళు దాటేసి నేరుగా శవయాత్రకు వచ్చావు.

ఆ తొమ్మిదేళ్ళు అతను చేసిన పని ఏమిటి? మలుపులో, కూడలిలో గడ తీగ మీంచి జారిపోవడం ట్రాలీబస్సుకు మామూలు బాధ. జారిందంటే బస్సు నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. అవే తీగల మీద వచ్చే వెనక బస్సు దాన్ని దాటి పోలేదు. ఎవరో ఒకరు కిందికి దిగి, పొడవాటి కర్రతో గడను పట్టి, మెడ విరుచుకుని గురి చూసి మళ్ళీ తీగకు ఆనించాలి. లండన్ బస్సులు ఇందుకోసం ఒక వెదురుబొంగు అడుగున కట్టుకునే తిరిగేవి. కళ్ళలో ఎండ, వెనక హారన్లు, లోపల ప్రయాణికుల సణుగుడు, నెత్తిన ఐదారు వందల వోల్టులు. నీ కండక్టరు కథ మొత్తం మీద ఒక్కసారైనా తల పైకెత్తలేదు. ఏడవడానికి మాత్రం మూడుసార్లు దించాడు. యంత్రం ఎలా నడిచేదో చెప్పకుండా ఆగిపోయిందని ఏడిస్తే ఆ ఏడుపు ఎవరి తాలూకో పాఠకుడికి తెలియదు.

నా పట్టుదల ఈనాటిది కాదు. టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ మీద, అంటే సెగ పెట్టి ఆకు ఆరబెట్టే కొట్టు మీద ఒక కథ రాశాను, నీ వయసులో. ఆకు పసుపుకు తిరిగేదాకా సన్నని సెగ పెట్టాలి, తరవాత ఆకు ఆరడానికి పెంచాలి, చివర ఈనె ఎండడానికి ఇంకా పెంచాలి. తొందరపడితే ఆకు పచ్చగానే బిగుసుకుపోయి ధర పోతుంది. రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చుని మధ్య మధ్య లేచి థర్మామీటరు చూసే మనిషి నా కథానాయకుడు. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ థర్మామీటరు పేజీలన్నీ కోసేసి, ఆకు అల్లే పిల్ల కన్నీళ్ళు మాత్రం ఉంచి అచ్చేశాడు. "సాంకేతిక వివరాలు పాఠకులకు విసుగు" అని ఉత్తరం కూడా రాశాడు. ఆ కథ మా ఊరికి చేరినప్పుడు పొగాకు రైతు ఒకాయన "ఇందులో బ్యారన్ ఏదయ్యా?" అని అడిగాడు. ఆ సంపాదకుడు పోయాడు, ఆయన శిష్యులు మాత్రం ఇప్పటికీ పత్రికల్లో కూర్చునే ఉన్నారు. వాళ్ళకు కావలసింది పాత రేడియో, పాత సినిమా హాలు, వాటి పక్కన ఒక నిట్టూర్పు. నీ కథ వాళ్ళు కళ్ళకద్దుకుని వేసుకుంటారు. నా భయం కూడా అదే.

ఆ బస్సులు ఆగిపోవడానికి కారణం "దయలేని ప్రభుత్వం" అని తేల్చేశావే, అది కూడా సరిపోదు. రోడ్డు తవ్వితే డీజిలు బస్సు పక్క వీధిలోంచి పోతుంది, ట్రాలీబస్సు పోలేదు. తీగలు, స్తంభాలు, సబ్‌స్టేషన్లు ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి. ఆ రోజుల్లో డీజిలు చవక. ఏ ఊళ్ళో చూసినా ట్రాలీబస్సుకు ఎదురైన లెక్క ఇదే. ఈ లెక్క వేసిన ఉద్యోగిని కూడా కథలోకి తీసుకురా, దుర్మార్గుడిగా మాత్రం కాదు.

టికెట్ల కట్టకు భార్య పాత చీర అంచు చింపి కట్టుకున్నాడని రాశావు చూడు, అది బాగుంది. దాన్ని ముట్టుకోవద్దు.

కలం పేరు గురించీ, పోటీకి పంపడం గురించీ ఏదో అడిగావు. ముందు కథ తిరగరాయి. ఈసారి ఫోనులో ఫొటోలు తీసి పంపవద్దు, నా కళ్ళు వాటితో వేగలేవు. కాగితానికి ఒకవైపే రాసి, అంచు విడిచి, పోస్టులో పంపు. సంక్రాంతికి ముందు అందేటట్టు చూడు, ఆ తరవాత నెల రోజులు మా అబ్బాయి దగ్గర ఒంగోలులో ఉంటాను.

ఆశీస్సులతో.