కొత్త చోట నిద్రపోని పాప.. హోటల్ గదిలో ఏం చేయాలి?

ప్రశ్న: మా పాపకు 20 నెలలు. ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నరకల్లా పడుకుంటుంది. మధ్యలో కదిలినా తనే మళ్లీ నిద్రపోతుంది. మొన్న సెలవులకు వెళ్లి హోటల్లో దిగితే మాత్రం రెండు రాత్రులూ ఒంటిగంట దాకా ఏడుస్తూనే ఉంది. నేనూ మావారూ వంతులవారీగా ఎత్తుకుని కారిడార్‌లో తిప్పాం. పక్క గదివాళ్లు రిసెప్షన్‌కి ఫోన్ చేశారు కూడా. వచ్చే నెల మళ్లీ నాలుగు రాత్రుల ప్రయాణం ఉంది. ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. జలుబు సిరప్ కొంచెం పడితే హాయిగా పడుకుంటుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. పట్టొచ్చా? పాపను మా మంచంపైనే పడుకోబెట్టొచ్చా? తిరిగొచ్చాక ఇంట్లో ఉన్న అలవాటు చెడిపోతుందా?

జవాబు: మీ మూడు ప్రశ్నల్లో సిరప్ సంగతి ముందు తేల్చేద్దాం. పట్టొద్దు. కొంచెం కూడా వద్దు. జలుబు సిరప్ తాగాక వచ్చేది నిద్ర కాదు, మత్తు. అందులో ఉండే యాంటీహిస్టమిన్ (అలర్జీ, జలుబుకు వాడే మందు) కొందరు పిల్లల్లో ఎదురు తిరుగుతుంది కూడా. మత్తు రాకపోగా చిరాకు, గంతులు, గుక్కపట్టిన ఏడుపు. ఆ ఒక్క ఇబ్బందే అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. ప్రొమెథజైన్ అనే మందు ఇదే కోవలోది. రెండేళ్లలోపు పిల్లల్లో శ్వాస మందగించి ప్రాణం మీదికి రావొచ్చని, వాళ్లకు ఇవ్వకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరించింది. మీ పాపకు ఇంకా రెండేళ్లు నిండలేదు. తెలిసినవాళ్లు ప్రేమతోనే చెబుతారు, కాదనను. కానీ నిద్ర కోసం మందు పట్టడం నేను ఏ తల్లికీ చెప్పను. నిద్ర కోసమని అమ్మే మెలటోనిన్ గమ్మీలకూ (జెల్లీ బిళ్లలకూ) ఇదే వర్తిస్తుంది. మీ పాపను చూసిన పిల్లల డాక్టర్ ఒక కారణంతో, ఒక మోతాదుతో రాసిస్తే తప్ప వాటి జోలికి వెళ్లొద్దు.

ఇక అసలు విషయం. మీ పాప మొండిది కాదు, మీ పెంపకంలో లోపమూ లేదు. కొత్త చోట నిద్ర పట్టకపోవడం పెద్దవాళ్లలోనూ ఉంది. కొత్త చోట పడుకున్న మొదటి రాత్రి మెదడు రెండు సగాలూ ఒకేలా నిద్రపోవని, ఎడమవైపు సగం కొంత మెలకువగా ఉండి అలికిడికి త్వరగా స్పందిస్తుందని అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో చూపించారు. ఇది హోటల్ అని, తలుపు గడియ వేసి ఉందని, నాలుగు రోజుల్లో ఇంటికి వెళ్లిపోతామని మనకు తెలుసు. అయినా మన మెదడు కాపలా కాస్తుంది. ఇవేవీ తెలియని పసిపిల్ల భయపడటంలో వింతేముంది?

పైగా ఈ వయసులో నిద్ర ఏకధాటిగా సాగదు. దాదాపు గంటకో విడతగా నడుస్తుంది. విడతకీ విడతకీ మధ్య పిల్లలు కదులుతారు, ఒక్కోసారి కళ్లు తెరుస్తారు. ఇంట్లో అయితే అదే గోడ, అదే దుప్పటి వాసన, అదే ఫ్యాన్ చప్పుడు. పడుకున్నప్పుడు ఎలా ఉందో అంతా అలాగే ఉంది కాబట్టి మళ్లీ కళ్లు మూసుకుంటారు. మీరు ‘తనే మళ్లీ నిద్రపోతుంది’ అని రాశారే, అది ఇదే. హోటల్లో కళ్లు తెరిస్తే తెలిసినది ఒక్కటీ కనిపించదు. అమ్మ కాస్త దూరమైతే బెంగపడే వయసు కూడా ఇదే. ఏడవక ఏం చేస్తుంది?

గదిని మనం మార్చలేం. కానీ పడుకునే వేళకు పాప కంటికి, ముక్కుకి, చెవికి తెలిసినవే తగిలేలా చేయొచ్చు. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే ఉంటుంది.

పెట్టె సర్దేటప్పుడు పాప పక్కమీద వేసే దుప్పటిని ఉతకకుండా అలాగే తీసుకెళ్లండి. ప్రయాణం కదా అని ఉతికి ఇస్త్రీ చేసినవి సర్దాలనిపిస్తుంది. ఈ ఒక్క దుప్పటి విషయంలో ఆగండి. రెండు మూడు రాత్రులు పాప పడుకున్న దుప్పటికి ఇంటి వాసన, తన వాసన ఉంటాయి. అదే మీకు కావలసింది. రోజూ పట్టుకుని పడుకునే బొమ్మ ఉంటే అది చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో పెడితే, ఆ పెట్టె ఆలస్యమైన రాత్రి ఏం జరుగుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. ప్రయాణానికి నెల రోజుల సమయం ఉంది కాబట్టి ఇంకో పని కూడా చేయొచ్చు. మడతపెట్టే కాట్ (చుట్టూ అంచులుండే పిల్లల మంచం) తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఇంట్లోనే నాలుగైదు రోజులు మధ్యాహ్నం పూట పాపను అందులో పడుకోబెట్టండి. అలాగే పాలు మాన్పించడం, డైపర్ మాన్పించడం లాంటివి ఈ ప్రయాణం చుట్టుపక్కల వారాల్లో మొదలుపెట్టకండి. ఒకేసారి రెండు మార్పులు పిల్లలకు బరువు.

చాలామంది తల్లిదండ్రులు రాత్రి గురించే ఆలోచిస్తారు. నా అనుభవంలో సెలవుల్లో నిద్ర చెడేది పగలే. ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. చూడాల్సినవి చాలా ఉన్నాయని మధ్యాహ్నం నిద్ర ఎగ్గొడతాం. బాగా అలిసిపోతే రాత్రి త్వరగా పడుకుంటుందిలే అనుకుంటాం. పిల్లల్లో ఇది తిరగబడుతుంది. నిద్ర వేళ దాటిపోయిన పిల్లలు ఒక దశలో ఉన్నట్టుండి హుషారెక్కుతారు. పరుగులు, కేరింతలు. చూసేవాళ్లు ‘ఇంకా నిద్ర రాలేదు’ అనుకుంటారు. నిజానికి అది అలసట ముదిరిన లక్షణం. దాని తర్వాత వచ్చేది ఏడుపే. అందుకే రోజుకు ఒక పూట తిరగండి, ఒక పూట గదిలో ఉండండి. మధ్యాహ్నం నిద్ర మూడు, మూడున్నరకల్లా అయిపోయేలా చూసుకోండి. గదికి తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం ఆరింటికి కారులో పావుగంట కునుకు తీసిందంటే ఆ రాత్రి ఎనిమిదిన్నర నిద్ర మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ దారిలో కబుర్లు చెప్పండి, కిటికీలోంచి ఏదైనా చూపించండి, ఎలాగైనా మెలకువగా ఉంచండి.

హోటల్‌కు వీలైతే సాయంత్రంలోపే చేరండి. చేరగానే పాపను కిందికి దించి గదంతా తిరగనివ్వండి. కర్టెన్ వెనక్కి వెళ్లనివ్వండి, బాత్రూమ్‌లోకి తొంగి చూడనివ్వండి. తను పడుకోబోయే చోట కాసేపు బొమ్మతో ఆడించండి, దుప్పటి కప్పుకుని దోబూచులాడండి. వెలుతురులో నవ్వుతూ చూసిన మూల చీకట్లో అంత భయపెట్టదు.

ఇక్కడ మా అబ్బాయి సంగతి ఒకటి చెప్పాలి. వాడికి అప్పుడు రెండేళ్లు నిండబోతున్నాయి. ఒక హోటల్లో దీపాలన్నీ ఆర్పి పడుకోబెట్టాను. రెండు నిమిషాలకోసారి లేచి కూర్చుని వేలు చూపిస్తూ ‘అమ్మా, అది’ అంటున్నాడు. నాకేమీ కనిపించలేదు. చివరికి వాడి పక్కనే, వాడి ఎత్తులో తల పెట్టి పడుకుని చూస్తే గోడ మీద టీవీకి చిన్న ఎర్రటి లైటు. ఆ చీకట్లో అది కన్నులా ఉంది. పర్సులో ఉన్న మెడికల్ టేప్ చిన్న ముక్క కత్తిరించి దాని మీద అతికించాను. పది నిమిషాల్లో నిద్రపోయాడు. అప్పటినుంచి ఏ గదిలో దిగినా ముందు పిల్లల పక్కమీద పడుకుని ఒకసారి చుట్టూ చూస్తాను. మీరూ చూడండి. టీవీ లైటు, ఏసీ అంకెలు, తలుపు కింద నుంచి వచ్చే కారిడార్ వెలుగు, కర్టెన్ల మధ్య సందు. కింద సందుకు ఒక టవల్ చుట్టి పెట్టండి, కర్టెన్లకు రెండు క్లిప్పులు పెట్టండి. పొగ వస్తే మోగే అలారం పరికరాన్ని మాత్రం మూయకండి.

వెలుతురు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలను పడుకునే ముందు గంటసేపు బాగా ప్రకాశవంతమైన వెలుగులో ఉంచితే, నిద్రకు సాయపడేలా ఒంట్లోనే తయారయ్యే మెలటోనిన్ అనే హార్మోన్ దాదాపు 88 శాతం తగ్గింది. లైటు తీసేసిన 50 నిమిషాల తర్వాత కూడా ఆ ప్రభావం పోలేదు. కాబట్టి పడుకునే వేళకు గంట ముందే గదిలో పెద్ద లైట్లు ఆర్పేసి ఒక మూల చిన్న దీపం ఉంచండి. ఫోన్, టీవీ కట్టేయండి. పాప ఏడుస్తుందని ఫోన్ చేతికివ్వడం అప్పటికి పనిచేసినట్టే ఉంటుంది, కానీ నిద్రను ఇంకాస్త వెనక్కి నెడుతుంది.

ఆ గంటలో చేసేవన్నీ ఇంట్లో చేసే వరుసలోనే చేయండి. ఇంట్లో స్నానం, పాలు, పళ్లు తోమడం, కథ, జోకొట్టడం అనే వరుస ఉంటే ఇక్కడా అంతే. కథల పుస్తకం కొత్తది వద్దు, వందసార్లు చదివిన పాతదే తేండి. పాట కూడా రోజూ పాడేదే. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసినప్పుడు పిల్లలు నెమ్మదిస్తారు. కారిడార్ చప్పుళ్లు ఎక్కువగా ఉంటే ఫ్యాన్ లేదా వాన చప్పుడు లాంటిది ఫోన్‌లో సన్నగా పెట్టొచ్చు. ఫోన్‌ను పాప తలకు కనీసం రెండు మీటర్ల దూరంలో, మీరు మామూలు గొంతుతో మాట్లాడుకుంటే వినబడేంత తక్కువ శబ్దంతో ఉంచండి. ఏసీ గాలి నేరుగా పాప మీద పడకూడదు. చలిగా ఉందో వేడిగా ఉందో చేతులు, కాళ్లు ముట్టుకుంటే తెలియదు, అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక చేయి పెట్టి చూడండి. చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయండి.

మీ రెండో ప్రశ్న, మంచం గురించి. వేరే కాట్ ఉంటే అదే మేలు. గది బుక్ చేసేటప్పుడే కాట్ కావాలని చెప్పండి, బయల్దేరే ముందు రోజు మళ్లీ గుర్తుచేయండి. వచ్చాక చేత్తో కదిపి చూడండి. లాక్‌లు గట్టిగా పడాలి. చువ్వల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు మించకూడదు. పరుపుకీ అంచుకీ మధ్య మీ రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఉంటే అది వద్దు. పరుపు గట్టిగా ఉందని పైన ఇంకో మెత్తటిది వేయకండి, అంచుల్లో ఏర్పడే సందులో పిల్లలు ఇరుక్కునే ప్రమాదం ఉంది. కాట్ దొరకకపోతే పరుపు ఒకటి నేల మీద, గోడకు ఎడంగా వేసి పడుకోబెట్టడం నాకు నచ్చే పద్ధతి. పడిపోతుందన్న భయం ఉండదు.

తప్పనిసరై మీ మంచంపైనే పడుకోబెడితే మంచానికీ గోడకీ మధ్య సందు లేకుండా చూసుకోండి. హోటళ్లలో ఇచ్చే బరువైన దుప్పట్లు, అరడజను దిండ్లు తీసి పక్కన పెట్టండి. మద్యం తాగినవాళ్లు, మత్తునిచ్చే మందులు వేసుకున్నవాళ్లు పాప పక్కన పడుకోకూడదు. ఇది 20 నెలల పాపకు చెబుతున్న మాట. ఏడాది నిండని బిడ్డకైతే పెద్దవాళ్ల మంచం వద్దే వద్దు.

పాపను దించే ముందే గదిలో మోకాళ్ల మీద ఒక చుట్టు తిరగండి. వేడినీళ్ల కెటిల్ వైరు వేలాడకూడదు. కర్టెన్ తాళ్లు అందకూడదు. మంచం గానీ కుర్చీ గానీ కిటికీ పక్కన, బాల్కనీలో ఉండకూడదు. చిన్న రిమోట్లలో కొన్నిటికి గుండీలా ఉండే బ్యాటరీ ఉంటుంది. అది మింగితే గంటల్లోనే ఆహారనాళం కాలిపోతుంది, కాబట్టి రిమోట్‌ను పైన పెట్టేయండి. మీ మాత్రల డబ్బా కూడా.

రాత్రి లేచి ఏడిస్తే వెంటనే ఎత్తుకుని కారిడార్‌లోకి వెళ్లకండి. అక్కడి వెలుగు, చప్పుడు పాపను పూర్తిగా లేపేస్తాయి. మీరు మొన్న పడ్డ కష్టంలో కొంత దీనివల్లే అనుకుంటున్నాను. చీకట్లోనే పక్కన కూర్చుని ఛాతీ మీద చేయి వేసి, ఇంట్లో అనే మాటలే మెల్లగా అనండి. ఆగకపోతే ఎత్తుకోండి, గదిలోనే, దీపం వేయకుండా. పక్క గదివాళ్లు ఏమనుకుంటారోనన్న కంగారు నాకు అర్థమవుతుంది. మన గుండె దడ, గబగబా ఊపడం పిల్లలకు తెలిసిపోతాయి. చెక్ ఇన్ చేసేటప్పుడే చిన్న పాప ఉందని చెప్పి చివరి గది, లిఫ్ట్‌కు దూరంగా ఉన్న గది అడగండి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. మొదటి రాత్రి ఎంత బాగా సర్దినా కాస్త కష్టంగానే గడవొచ్చు. మర్నాడు పొద్దున్నే ఎక్కడికీ వెళ్లే పని పెట్టుకోకండి. పాప మాత్రం రోజూ లేచే వేళకు అరగంట అటూ ఇటుగా లేవాలి, లేకపోతే రెండో రాత్రి నిద్ర వేళ కూడా వెనక్కి జరిగిపోతుంది.

ప్రతి ఏడుపూ కొత్త చోటు వల్లే అనుకోవద్దు. విమానం దిగిన రోజు చెవి పట్టుకుని లాగుతూ ఏడుస్తుంటే చెవినొప్పి కావొచ్చు. జ్వరం, ఆగని వాంతులు, ఆయాసం, ఏం చేసినా ఊరడిల్లని ఏడుపు, లేదా ఉలుకూ పలుకూ లేకుండా డీలా పడటం, ఆరేడు గంటలుగా డైపర్ తడవకపోవడం.. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.

చివరిగా అలవాటు చెడిపోవడం గురించి. నాలుగు రాత్రులు మీ పక్కన పడుకున్నంత మాత్రాన 20 నెలల అలవాటు పోదు. కానీ ఇంటికి చేరిన రాత్రే పాత చోట, పాత వేళకు, పాత వరుసలో పడుకోబెట్టండి. అలిసిపోయి వచ్చాం కదా, ఈ ఒక్క రాత్రి మన దగ్గరే పడుకోనీ అనుకుంటే ఆ ఒక్కటి పది అవుతుంది. రెండు మూడు రాత్రులు పేచీ పెడుతుంది. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి, రోజూ కుర్చీని కాస్త తలుపు వైపు జరుపుతూ వెళ్లండి. రెండు వారాలు దాటినా కుదురుకోకపోయినా, నిద్రలో గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించినా పాపను పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ నిద్రను ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి చూపిస్తే వాళ్లకు చాలా ఉపయోగపడుతుంది.