గేటు ముందు వైన్స్ బండ్లు: ఎవరికి చెప్పుకోవాలి?

ప్రశ్న: హైదరాబాద్ నల్లకుంటలో మా సొంతిల్లు. మూడిళ్ల అవతల వైన్ షాపు ఉంది. సాయంత్రం ఏడు దాటితే మా గేటుకు అడ్డంగా బండ్లు పెట్టి, వాటి మీదే కూర్చుని తాగుతున్నారు. మొన్న రాత్రి మా అత్తయ్యకు ఆయాసం వస్తే కారు బయటకు తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గేటు ముందు రాళ్లు పెట్టి ‘నో పార్కింగ్’ బోర్డు కట్టాం. మున్సిపల్ ఆఫీసుకు వెళ్తే షాపు తమ పరిధి కాదన్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ రాళ్లు తీసేయించండి. గేటు మీదే అయినా దాని ముందున్న రోడ్డు మీది కాదు. ప్రజలు నడిచే దారికి అడ్డం పెడితే భారతీయ న్యాయ సంహిత 285 సెక్షన్ కింద రూ.5,000 వరకు జరిమానా పడొచ్చు. బండ్ల వాళ్ల మీద వాడగలిగిన సెక్షనే మీకూ వర్తిస్తుంది. చీకట్లో ఎవరైనా ఆ రాళ్లు తగిలి పడితే ఇంకో తలనొప్పి.

గేటు ముందు రోడ్డు మీద మీ కారు నిలుపుకునే హక్కు మీకు లేదు. కానీ గేటులోంచి రోడ్డెక్కే హక్కు ఉంది. మీ ఫిర్యాదు ఈ రెండో దాని మీదే నిలబడాలి.

బండ్ల సంగతి ట్రాఫిక్ పోలీసులది. అడ్డంగా వదిలేసిన వాహనాల మీద చర్యకు మోటారు వాహనాల చట్టంలో 122, 127 సెక్షన్లు ఉన్నాయి. వాళ్లకిచ్చే ఫొటోలో నంబర్ ప్లేటు, మీ గేటు రెండూ కనబడాలి. అయితే ఈరోజు ఒక బండిని తీయిస్తే రేపు ఇంకోటి వస్తుంది. అందుకే ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌కు కాగితం మీద రాసిచ్చి, అధికారికంగా నో పార్కింగ్ బోర్డు, సాయంత్రం పూట గస్తీ అడగండి. మీ చేతిరాత బోర్డుకు చట్టంలో విలువ లేదు.

నన్నడిగితే మీకు అసలు పట్టు దొరికేది షాపు దగ్గర. మున్సిపల్ ఆఫీసు వాళ్లు చెప్పింది నిజమే. లైసెన్స్ ఇచ్చేది 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ శాఖ. పర్మిట్ రూమ్ అంటే షాపులో కొన్న మందు అక్కడే తాగడానికి ఫీజు కట్టి అనుమతి తెచ్చుకున్న గది. మీ గల్లీ ఆ గదిలో భాగం కాదు. షాపులో కొన్న క్వార్టర్, చకనా పట్టుకుని జనం రోజూ రోడ్డు మీదే తాగుతుంటే, షాపు నడిచే తీరు గురించి ఎక్సైజ్ సీఐకి రాయండి. లైసెన్స్ షరతులు ఉల్లంఘిస్తే ఆ ఎక్సైజ్ చట్టం 31 సెక్షన్ కింద సస్పెండ్ చేయొచ్చు, రద్దూ చేయొచ్చు. కానీ 47 సెక్షన్ కింద షాపువాళ్లు శాఖకు డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు కూడా ఉంది. కాబట్టి ఒక్క ఫిర్యాదుతో ఆగకండి. తేదీలవారీగా నాలుగైదు ఇస్తే దాని బరువే వేరు.

100 మీటర్లలోపు వైన్ షాపు ఉండకూడదనే రూలు గురించి చాలామంది అడుగుతారు. అది బడి, గుడి, ఆస్పత్రిలాంటి వాటికే. ఇళ్లకు లేదు. దగ్గర్లో గుర్తింపు ఉన్న బడి ఉంటే మాత్రం కొలిపించండి. ఆ మధ్య ఒకాయన ఫోన్‌లో మ్యాప్ చూపించి ‘ఎనభై మీటర్లే సార్’ అన్నాడు. మ్యాప్ గోడల మీదుగా గీత గీసింది. రూలు ప్రకారం షాపు గుమ్మం మధ్య నుంచి బడి గేటు మధ్య వరకు మనిషి మామూలుగా నడిచే దారినే కొలవాలి. అలా కొలిస్తే నూరు దాటిపోయింది! హైవేకి 500 మీటర్లలోపు మద్యం షాపులు ఉండకూడదన్న తీర్పు మీద కూడా ఆశ పెట్టుకోకండి. మున్సిపల్ పరిధిలోని షాపులకు అది అడ్డు కాదని సుప్రీంకోర్టు 2017లోనే స్పష్టం చేసింది.

పది రూపాయల ఫీజుతో ఎక్సైజ్ శాఖకు ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టి లైసెన్స్ కాపీ, పర్మిట్ రూమ్ అనుమతి, షాపు స్కెచ్ అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇన్ని చేసినా కదలిక లేకపోతే రాజ్యాంగం 226 అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చు. అందులో షాపు మూయించమని కాకుండా, మీ ఫిర్యాదులపై నిర్ణయం తీసుకునేలా ఆదేశించమని అడిగితే పని తేలిగ్గా అవుతుంది.

పక్కింటివాళ్ల సంతకాలు కూడా తీసుకోండి. అత్తయ్యగారి ఆ రాత్రి ఆస్పత్రి చీటీ కాపీ జత చేయండి, దాని మీద టైము ఉంటుంది. ఫిర్యాదు ఇచ్చాక రెండో కాపీ మీద ముద్ర వేయించుకోకుండా ఏ ఆఫీసు మెట్లూ దిగకండి.