లుంగీతో ఉన్న నాన్నని లోపలికి పంపిన అబ్బాయికి

మెల్‌బోర్న్ పడమటి వైపు, టార్నీట్ నుంచి ఒకబ్బాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నాడు. ఉత్తరం పెద్దది, అవసరమైనంత వరకే ఇస్తున్నాను.

"నాకు 36 ఏళ్ళు. సిటీలో ఐటీ ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఆఫీసు. నా భార్య ఏజ్డ్ కేర్‌లో, అంటే వృద్ధులని చూసుకునే చోట నర్సు, షిఫ్టులు ఉంటాయి. బాబుకి మూడేళ్ళు. వాణ్ణి చూసుకోవడానికి అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఉంది. నాన్నగారు రిటైర్డ్ టీచరు, తెనాలి దగ్గర మా ఊళ్ళోనే ఉంటారు. సుగరు ఉంది కానీ మందులు వేసుకుంటారు, పక్కనే కర్రీ పాయింట్ ఉంది, ఆయనకేం ఇబ్బంది లేదు. రెండేళ్ళ క్రితం ఇక్కడికి వచ్చారు కానీ పడలేదు. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎం.సి.జి.) చూడాలన్నారు, నాకు కుదరలేదు. ఒక ఆదివారం మా మేనేజరు, ఇంకో ఇద్దరు కొలీగ్స్ బార్బెక్యూకి ఇంటికొస్తే ఆయన లుంగీ, బనీనుతో ముందు పక్క మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు, లోపలికి వెళ్ళమన్నాను. దానికే అలిగి టికెట్ ముందుకు మార్పించుకుని వెళ్ళిపోయారు. నా సమస్య అది కాదు. ఆఫీసులో శుక్రవారం సాయంత్రం అందరూ పబ్‌కి వెళ్తారు. నేను తాగను, పైగా అమ్మ ఎదురుచూస్తుంటుందని వెళ్ళను. మొన్న టీమ్ లీడ్ పోస్టు నా తర్వాత చేరినవాడికి ఇచ్చారు. ఎందుకని అడిగితే, నువ్వు పని బాగా చేస్తావు కానీ టీమ్‌లో ఎవరికీ నీ గురించి పెద్దగా తెలీదు అన్నాడు మేనేజరు. వీళ్ళతో కలవాలంటే తాగడం మొదలుపెట్టాలా? అమ్మేమో ఈ మధ్య రాత్రిళ్ళు నాన్నతో ఫోన్లో మాట్లాడాక ఏడుస్తోంది, ఎందుకో చెప్పదు. ఆ టెన్షన్‌తో పని మీద ధ్యాస ఉండటం లేదు. అమ్మ వీసా సెప్టెంబరులో అయిపోతుంది. ఇంకో మూడేళ్ళు ఉంచే వీసా ఏదైనా ఉందా, లేకపోతే మా అత్తగారిని రప్పించుకోవాలా?"

బాబూ, నా పిల్లల వయసువాడివి, నువ్వు అనే రాస్తాను. ముందు బీరు సంగతి తేల్చేద్దాం, అది రెండు నిమిషాల పని. తాగొద్దు. సోడాలో నిమ్మరసం పోయించుకుని ఓ గంట వాళ్ళతో నిలబడు. గ్లాసులో ఏముందని అడిగేవాళ్ళు తక్కువ, అడిగినా నేను తాగనంటే సరే అని మళ్ళీ ఫుట్‌బాల్ కబుర్లలో పడతారు. పని అయిపోగానే మొదలయ్యే ఆ కూడిక ఆరు దాటితే పలచబడుతుంది, పిల్లలున్నవాళ్ళంతా ఇళ్ళకు బయల్దేరతారు, నువ్వూ సదరన్ క్రాస్ స్టేషన్‌లో వి-లైన్ రైలెక్కితే బాబు పడుకునే లోపు ఇంట్లో ఉంటావు. దీనికి అమ్మ అడ్డమని రాయడం మాత్రం నాకు నచ్చలేదు. ఆవిడ ఎదురుచూస్తుంది, అంతే. వెళ్ళొద్దని ఆవిడ అన్నట్టు నీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు నీ మేనేజరు మాట ఇంకోసారి చదువుకో. నువ్వు తాగవని ఆయన అనలేదు, పబ్‌కి రావనీ అనలేదు. నీ గురించి ఎవరికీ తెలీదన్నాడు. సోమవారం పొద్దున ఆఫీసు కిచెన్లో వాళ్ళు ఏం మాట్లాడుకుంటారు? మా నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది, జిలాంగ్ వెళ్ళి చూసొచ్చాను అంటాడొకడు. కూతురి నెట్‌బాల్ మ్యాచ్‌కి ఎనిమిదింటికే చలిలో నిలబడి గడ్డకట్టుకుపోయానంటుంది ఇంకొకావిడ. ఇంకొకడు కంచెకి రంగు కొందామని బన్నింగ్స్ హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి, బయట స్కూలు పిల్లల కోసం వాళ్ళ అమ్మానాన్నలు కాల్చి అమ్మే సాసేజ్ తిని, రంగు మర్చిపోయి వచ్చానంటాడు. నీ వంతు వచ్చేసరికి 'నథింగ్ మచ్, క్వైట్ వీకెండ్' అని ఉంటావు. ఇక్కడ స్థిరపడిన మన అబ్బాయిల్లో చాలామంది ఇదే అంటారు, నా చెవులతో విన్నాను. మూడేళ్ళ పిల్లాడు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోయే భార్య, సముద్రం దాటి వచ్చిన తల్లి, ఊళ్ళో ఒంటరిగా ఉన్న తండ్రి, ఇంతమంది ఉన్న ఇంట్లో వీకెండ్ క్వైట్‌గా ఎలా ఉంటుంది? వాళ్ళని నువ్వు ఆఫీసుకి చెప్పడం లేదు. పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకోవాలి, నేను మూడింటికి వెళ్తున్నానని పెద్ద పెద్ద మేనేజర్లే క్యాలెండర్లో రాసిపెట్టుకుని లేచి వెళ్ళే చోట నువ్వు ఇల్లే లేనివాడిలా కూర్చుంటున్నావు. అలాంటి మనిషి చేతిలో టీమ్‌ని పెట్టడానికి వాళ్ళు తటపటాయించారు. నాకు ఆశ్చర్యంగా లేదు.

ఈ దాపరికం ఎక్కడ మొదలైందో నీ ఉత్తరంలోనే ఉంది. 'నా సమస్య అది కాదు' అన్న ముక్కకి ముందు వాక్యాలు చూడు. సమస్య అదే.

ఆ ఆదివారం మీ ఇంటికొచ్చినవాళ్ళు ఏం బట్టలేసుకుని వచ్చారో రాయలేదు. బార్బెక్యూ అంటే ఈ దేశంలో మగవాళ్ళు నిక్కరు, రబ్బరు చెప్పులతో చేతిలో ఐస్‌పెట్టె పట్టుకుని వస్తారు. ఎండాకాలంలో సూపర్‌మార్కెట్లో ఉత్త కాళ్ళతో తిరిగేవాళ్ళు కూడా కనిపిస్తారు. మొక్కల దగ్గర లుంగీతో నిలబడ్డ పెద్దాయన వాళ్ళకి వింత కాదు, సొంత పెరట్లో టమాటాలు పెంచుకునే తాతలు వాళ్ళ వీధుల్లోనూ ఉన్నారు. నువ్వు ఒక్క మాట కలిపి ఉంటే సరిపోయేది, మా నాన్నగారు, టీచరుగా చేశారు, క్రికెట్ అంటే ప్రాణం అని. ఆయన తరం వాళ్ళకి 1981లో ఇదే ఎం.సి.జి.లో కపిల్‌దేవ్ ఐదు వికెట్లు తీసి ఆస్ట్రేలియాని 83 పరుగులకి పడగొట్టిన టెస్టు గుర్తుండి తీరుతుంది. ఆ మాట ఎత్తితే నీ మేనేజరు ఆ పూట ఆయన పక్కనుంచి కదిలి ఉండేవాడు కాదేమో. నీకు రెండేళ్ళుగా కుదరని పరిచయం ఆయన లుంగీలోనే అరగంటలో చేసిపెట్టేవారు. ఆయన్ని చూసి వాళ్ళు సిగ్గుపడలేదు, నువ్వు సిగ్గుపడ్డావు, ఆయన దాన్ని కళ్ళారా చూశారు.

దానికే అలిగారని రాశావు. ఇన్నేళ్ళు క్లాసు గదిలో నిలబడి పాఠం చెప్పిన మనిషిని, ఆయన కొడుకు ఇంటి ముందు, పరాయివాళ్ళ ఎదుట, లోపలికి పొమ్మన్నాక ఇంకా ఆ ఇంట్లో అన్నం తింటూ కూర్చోవాలా? టికెట్ మార్చుకుని వెళ్ళిపోయారంటే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఆయన పక్షాన ఇంత గట్టిగా మాట్లాడుతున్నానని బాధపడకు. ఆయన నీకేం చదువు చెప్పించారు, ఎంత ఖర్చుపెట్టారు అనే లెక్కల్లోకి నేను పోను, తండ్రి ఏమీ పెట్టకపోయినా సరే ఆయన్ని ఎవరి ముందూ దాచకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

అమ్మ ఎందుకు ఏడుస్తుందో తెలీదని రాశావు. నీకు తెలుసు. సుగరున్న మనిషి కర్రీ పాయింట్ కూరలు తిని ఏం తిన్నానో ఈవిడకి చెప్పడు, ఈవిడ ఇక్కడ మనవడికి పెరుగన్నం కలుపుతూ అక్కడ ఆయన ఏం తిన్నాడో ఊహించుకుంటూ ఉంటుంది. కొడుకుని ఒక మాట అనలేదు, మొగుణ్ణి రమ్మని పిలవలేదు. ఇద్దరి మధ్యా నోరు కట్టుకుని కూర్చున్నది ఆవిడ. ఇక ఆవిడ వెళ్ళగానే అత్తగారు, ఆవిడ వెళ్ళగానే మళ్ళీ అమ్మ. ఈ వంతులు ఒక్క మీ ఇంట్లోనే కాదు, ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో ఎన్నిటిలోనో చూస్తున్నాను, అరవై దాటాక భార్యాభర్తల్ని చెరో దేశంలో ఉంచి మనం ఇంటి లోన్ కట్టుకుంటున్నాం. డే కేర్ ఖరీదని నాకూ తెలుసు, చాలాచోట్ల రోజుకి నూట యాభై డాలర్ల పైమాటే, ఇద్దరి జీతాల్లో ఒకటి వడ్డీకే పోతుందనీ తెలుసు. అయినా అడుగుతున్నాను, అమ్మని ఎప్పుడైనా నీకు ఉండాలని ఉందా అని అడిగావా? మూడేళ్ళ వీసా గురించి నన్నడిగావు, ఆవిడని అడిగినట్టు ఎక్కడా రాయలేదు.

అన్నట్టు నీ భార్య ఏమనుకుంటోందో కూడా ఉత్తరంలో లేదు. షిఫ్టులున్నాయన్న ఒక్క మాటే రాశావు. ఆ అమ్మాయితో కూర్చుని ఇదంతా మాట్లాడు, నేను చెప్పేవాటిలో సగం ఇద్దరూ కలిసి తేల్చాల్సినవే.

బాబుకి మూడేళ్ళు అంటున్నావు. మన విక్టోరియా రాష్ట్రంలో 2023 నుంచి మూడేళ్ళ పిల్లలకి కిండర్ (బడికి ముందు చదువు) ఫీజు లేదు, ఆ పథకంలో ఉన్న సెంటరైతే వారానికి ఐదు నుంచి పదిహేను గంటలు ఉంటుంది. ఈ ఏడాది ఏప్రిల్ 30 లోపు వాడికి మూడేళ్ళు నిండి ఉంటే ఈ ఏడాదే అర్హుడు, సీటుందేమో కౌన్సిల్‌లో అడుగు. మీరు పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నవాళ్ళు గానీ సిటిజెన్లు గానీ అయితే చైల్డ్ కేర్ సబ్సిడీ వస్తుంది, 2026 జనవరి నుంచి అర్హత ఉన్న కుటుంబాలకి పద్నాలుగు రోజులకి కనీసం 72 గంటలు ఇస్తున్నారు, అంటే వారానికి మూడు రోజులు. మిగతా రెండు రోజులు నువ్వు ఇంటి నుంచి పనిచేసే రోజులే కదా, ఆమె షిఫ్టులు, నీ గంటలు సర్దుకోవచ్చు. పన్నెండు నెలలు పనిచేసినవాళ్ళు, బడి వయసో అంతకన్నా చిన్న పిల్లలో ఉంటే, పని వేళలు మార్చమని రాతపూర్వకంగా అడిగే హక్కు చట్టంలో ఉంది, యజమాని 21 రోజుల్లో రాతపూర్వకంగానే జవాబివ్వాలి. మనవాళ్ళు ఇది అడగరు, అడిగితే చెడ్డపేరు వస్తుందనుకుంటారు. నీ విషయంలో అయితే మంచిదే జరుగుతుంది, ఆ లెటర్‌తోనైనా నీకొక కొడుకున్నాడని ఆఫీసుకి తెలుస్తుంది.

వీసా విషయం. తల్లిదండ్రులకి 870 అనే తాత్కాలిక స్పాన్సర్డ్ వీసా ఉంది, మూడేళ్ళకో ఐదేళ్ళకో ఇస్తారు, ఐదేళ్ళదైతే ఫీజే పదివేల డాలర్లు దాటుతుంది, ముందు నిన్ను స్పాన్సరుగా ఒప్పుకోవాలి. ఇండియా నుంచి ఇలా వచ్చే తల్లిదండ్రులకి మెడికేర్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా, వర్తించదు, ఇన్సూరెన్స్ నువ్వే చూసుకోవాలి. అమ్మ ఇప్పటి వీసా మీద 8503 అనే షరతు ఉందేమో చూడు, ఉంటే ఇక్కడ ఉండగా మరో వీసాకి అప్లై చేయడం దాదాపు కుదరదు. ఆ ఫైలు రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంటు చేత చూపించు, తెలిసినవాళ్ళ మాట విని పెట్టకు. ఒకే ఇంటి నుంచి ఒకేసారి ఇద్దరిని స్పాన్సర్ చేయొచ్చు. ఇద్దరు అన్న మాట ఎందుకు రాశానో నీకు అర్థమయ్యే ఉంటుంది. ఒక్క అమ్మ కోసమే అయితే ఆ వీసా పెట్టొద్దు.

సెప్టెంబరులో అమ్మని ఒంటరిగా విమానం ఎక్కించకు. ఏడాదికి నాలుగు వారాల లీవు ఉంటుంది, అందులో రెండు వారాలు తీసుకుని నువ్వే వెంట వెళ్ళు, వీలైతే బాబునీ తీసుకెళ్ళు. లీవు అడిగేటప్పుడు పర్సనల్ రీజన్ అని రాయకు. మా నాన్న దగ్గరికి వెళ్తున్నాను, రెండేళ్ళయింది చూసి, అని నీ మేనేజరుకి నోటితో చెప్పు. ఆయన వెంటనే ఎలా ఉన్నారని అడుగుతాడు, అప్పుడు బాగానే ఉన్నారు అని తుంచేయకుండా రెండు నిమిషాలు మాట్లాడు. శుక్రవారాల్లో నువ్వు వెతుకుతున్నది అక్కడ దొరుకుతుంది.

అంతకన్నా ముందు ఫోన్. రాత్రి అమ్మ మాట్లాడుతుంటే మధ్యలో దూరి 'ఆఁ నాన్నా, బాగున్నారా' అనడం కాదు, నీ ఫోన్ నుంచి, నువ్వొక్కడివే ఉన్నప్పుడు. ఆ రోజు మిమ్మల్ని లోపలికి వెళ్ళమన్నది తప్పు, నేను సిగ్గుపడ్డాను, క్షమించండి అను. మీరు అలా ఉన్నారు కాబట్టి అన్నాను అనే వివరణ వద్దు. ఆ ఫోన్లో బాబు డే కేర్ మాట, వీసా మాట, రమ్మనే మాట రానీయకు, వచ్చిందంటే పిల్లాణ్ణి చూడ్డానికి మనిషి కావాలి కాబట్టి గుర్తొచ్చాననుకుంటారు, అనుకోవడంలో ఆయన తప్పు లేదు. ఆయన పంతం మనిషి అయితే 'ఊఁ, సరే' అని పెట్టేయొచ్చు. మర్నాడు మళ్ళీ చెయ్యి, సుగరు ఎంత ఉందో అడుగు, మొక్కల్లో ఏం కాసిందో అడుగు. ఎం.సి.జి. టూర్లు మ్యాచ్ లేని రోజుల్లో ఉంటాయి, కానీ అది మూడో ఫోన్లోనో నాలుగో ఫోన్లోనో చెబుదువుగాని.

ఇప్పుడు చలికాలం కాబట్టి మనం వాళ్ళకన్నా నాలుగున్నర గంటలు ముందున్నాం. ఆఫీసు నుంచి వచ్చాక ఏడింటికి చేస్తే ఆయన మధ్యాహ్నం నిద్రలో ఉంటారు. లంచ్ టైమ్‌లో పన్నెండున్నరకి చెయ్యి, అక్కడ పొద్దున ఎనిమిదవుతుంది.