మాంసం తినాలంటే మనసొప్పడం లేదు, మానలేకపోతున్నాను. ఇంకెవరికైనా ఇలా ఉందా? ఉంటే ఏం చేశారు?

బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర మీ బండి పక్కనే కోళ్ళ వ్యాను ఆగిందని, జాలీలోంచి తల బయటపెట్టిన ఒక కోడి నోరు తెరిచి రొప్పుతూ కనిపించిందని, ఆ రోజు నుంచి ఇంట్లో చికెన్ వండితే ముద్ద దిగడం లేదని రాశారు. అయినా బిర్యానీ వాసనకు నోరూరుతోందని, నా జాలి అబద్ధమేమోనని మీ మీద మీకే అనుమానంగా ఉందని కూడా రాశారు. అబద్ధం కాదండీ. నాకు పదేళ్ళ వయసు నుంచీ ఆ రెండూ ఉన్నాయి.

మాది తెనాలి దగ్గర పల్లె. ఆ ఏడాది మా ఊళ్ళో అంకమ్మ తల్లి కొలుపులు చేశారు. మా నాయనమ్మ రెండు నెలల ముందే మొక్కు పొట్టేలును కొని పశువుల కొట్టంలో కట్టేసింది. దానికి అవిశాకు కోసుకొచ్చి పెట్టే పని నాది. బడి నుంచి వస్తుంటే నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి అరిచేది. కొలుపుల రోజు దాని మీద పసుపు నీళ్ళు చల్లి అందరూ చుట్టూ నిలబడ్డారు. ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. అది విదల్చలేదు. రెండోసారి చల్లారు. అయినా కదల్లేదు. చివరికి ఎవరో చెవుల్లో పోశారు, అప్పుడు విదిలించింది. ఆ పూట నేను కూర ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున అమ్మ చద్దన్నంలో మిగిలిన కూర కలిపి పెడితే తిన్నాను. రుచిగా ఉంది. అలా రుచిగా ఉన్నందుకు గిన్నె ముందే కూర్చుని ఏడ్చాను.

నాయనమ్మ తిట్టలేదు, నవ్వలేదు. "మేపిన చేతికి బాధ ఉంటుందమ్మా, ఉండాలి కూడా" అంది. ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. పిల్లలతో తిరిగే పెట్టను కోయనిచ్చేది కాదు. పొదిగే పెట్ట జోలికి పోనిచ్చేది కాదు. కోసే ముందు కోడికి నీళ్ళు తాగించేది. మిగతా కోళ్ళను అప్పటికే గంప కింద మూసేసేది. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, మన దేశంలో కబేళాలకు 2001లో పెట్టిన నిబంధనల్లోనూ దాదాపు ఇవే ఉన్నాయి: చూలుతో ఉన్నదాన్ని, మూడు నెలల లోపు పిల్లలున్న తల్లిని కోయకూడదు, ఒక జంతువు చూస్తుండగా ఇంకోదాన్ని కోయకూడదు. ఏ పుస్తకమూ చదవని మనిషి పెరట్లో పాటించినవే అవి.

పెళ్ళయి విజయవాడ వచ్చాక ఇదంతా మర్చిపోయాను. ఇక్కడ మాంసమంటే నల్ల కవర్లో వచ్చే ముక్కలు. వారానికి మూడు రోజులు చికెనే. వన్‌టౌన్ వైపు సిటీ బస్సులకు కబేళా అనే స్టాపు ఉంది కదా, ఎన్నిసార్లు "కబేళా ఒక టికెట్" అని అడిగి ఉంటానో. ఒక్కసారి కూడా ఆ మాట నా చెవిన పడలేదు.

మళ్ళీ గుర్తొచ్చింది మా చిన్న మావయ్య షెడ్డులో. ఆయనకు నూజివీడు వైపు కోళ్ళ ఫారం ఉంది. పిల్లలు, ఫీడు, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ ఆయనవి. బ్యాచ్ అయ్యాక కిలోకి ఇంత అని గ్రోయింగ్ ఛార్జీ ఇస్తారు. ఓ మే నెలలో నాలుగు రోజులు అక్కడ ఉన్నాను. ఊక పరిచిన నేల మీద వేల కోళ్ళు, ఒక్కోదానికి అడుగు చదరం జాగా. నలభై గ్రాముల పిల్ల నలభై రోజుల్లో రెండు కిలోలు దాటుతుంది. నాటుకోడి కిలోన్నర తూగాలంటే ఐదారు నెలలు పడుతుంది, ఆ తేడా మీరే చూడండి. చివరి వారంలో చాలా కోళ్ళు నాలుగడుగులు వేసి కూర్చుండిపోతున్నాయి, ఛాతీ బరువు కాళ్ళు మోయలేక. రాత్రిళ్ళు కూడా లైట్లు, ఇంకాస్త తింటాయని.

మావయ్య చెడ్డవాడు కాదు, ఇది గట్టిగా చెప్పాలి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని దారి. ఆ ఎండల్లో మధ్యాహ్నం కరెంటు పోతే ఆయన పరుగే పరుగు. కప్పు మీద నీళ్ళు కొట్టడం, గోనెపట్టాలు తడపడం, షెడ్డులోకి వెళ్ళి కోళ్ళను లేపి తిప్పడం. రాత్రి అక్కడే మంచం వేసుకునేవాడు. పొద్దున్నే చనిపోయినవాటిని బకెట్లో ఏరుతూ లెక్క రాసుకునేవాడు. మోర్టాలిటీ పెరిగితే ఆయనకొచ్చే డబ్బే తగ్గుతుంది. చికెన్ చవగ్గా కావాలని మనం అడిగితే, ఆ చవక కోడి కాళ్ళ మీద, మావయ్య నిద్ర మీద పడుతోంది. అప్పటి నుంచి నాకు చావు కంటే ఆ నలభై రోజుల బతుకే ఎక్కువ గుచ్చుకుంటోంది. మా పొట్టేలు చచ్చిపోయింది, నిజమే. కానీ ఆ రోజు దాకా దానికి ఎండా నీడా ఉన్నాయి, నేనున్నాను.

ఆ ఏడాదే పిల్లలతో అమరావతి స్తూపం చూడటానికి వెళ్ళాం. చరిత్ర పాఠం చెప్పే స్నేహితురాలు తోడొచ్చింది. బుద్ధుడు భిక్షువులకు మాంసం పూర్తిగా వద్దనలేదని చెప్పింది. తమ కోసమే చంపారని చూడకపోతే, వినకపోతే, అనుమానమైనా లేకపోతే పాత్రలో పడింది తినొచ్చట. విన్న క్షణం నాకు ఊరట కలిగింది. తిరుగు బస్సులో ఆ ఊరట నిలవలేదు. అది అడుక్కుని తినేవాళ్ళకు పెట్టిన నియమం. నేను డబ్బిచ్చి "రెండు కిలోలది తీయండి" అని వేలు పెట్టి చూపిస్తున్నాను. నా కోసం చంపలేదని ఎలా అనుకోను?

మీరు అడిగింది ఏం చేశారని. నేను మానలేదు. మొదట చేసిన పని, నెల రోజుల పాటు చికెన్ తేవడానికి నేనే వెళ్ళడం, వెళ్ళి అక్కడే నిలబడడం. కోసి డ్రమ్ములో వేశాక లోపల కొట్టుకునే చప్పుడు ఆగేదాకా ఉండేదాన్ని. రెండు వారాలు అసలు తినలేకపోయాను. ఆ తర్వాత చికెన్ ఒక్క ఆదివారానికే పరిమితమైంది. నాకు బాగా ఇబ్బందైంది బోనులో మిగిలిన కోళ్ళు సరిగ్గా ఎదురుగా ఉండడం. కొట్టతనికి నాయనమ్మ గంప సంగతి చెప్పి, బోనుకు అడ్డంగా ఏదైనా కట్టమని అడిగాను. మొదట విచిత్రంగా చూశాడు. రెండో వారం వెళ్ళేసరికి గోనెపట్టా కట్టి ఉంది. వ్యాపారం చేసుకునే మనిషి, నా ఒక్కదాని కోసం ఆ పని చేశాడు. ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

మటన్ నెలకోసారి. డెల్టాలో కోతలయ్యాక గొర్రెల మందలు దిగడం మీరూ చూసే ఉంటారు. రాత్రిళ్ళు తన పొలంలో మంద కట్టినందుకు ఎరువు వస్తుందని రైతే కాపరికి డబ్బో ధాన్యమో ఇస్తాడు. అలా నడిచి మేసిన జీవమంటే నా మనసు కొంత ఒప్పుకుంటుంది. ధర ఎక్కువే, అందుకే తక్కువ తింటాం. నాటుకోడి మా ఊరి నుంచి వస్తే సరే, లేకపోతే లేదు.

మీ అమ్మగారు "ఇంత సున్నితమైతే ఎలా బతుకుతావు" అన్నారని రాశారు. ఆవిడతో వాదన పెట్టుకోకండి. నేను ఒకసారి అందరూ భోజనాలు చేస్తుండగా ఫారం సంగతులు చెప్పాను. మా అత్తగారు కంచం వదిలి లేచారు, వారం పాటు ఇంట్లో టెన్షనే. తినేవాళ్ళ ముందు ఆ మాటలు ఎత్తకూడదు. మీ వాటా తగ్గించుకోండి, వంటలో పప్పో శనగలో ఒకటి ఎక్కువ చేయించుకోండి, ఎవరైనా అడిగితే అప్పుడు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మా వీధిలో అందరూ చికెన్ మానేశారు. ఆ వారాల్లో ఎవరి ఆరోగ్యమూ చెడలేదు, ఎవరూ పండగ మానుకోలేదు.

పూర్తిగా శాకాహారానికి వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, నాకు మీ మీద గౌరవమే. కానీ పాలు వేరే సంగతి అనుకోకండి. మా ఇంట్లో గేదె ఈని పెయ్యదూడ పుడితే పండగ, దున్నదూడ పుడితే మౌనం. దానికి వదిలే పాలు తగ్గిపోయేవి. నెలల్లోనే చచ్చిపోయేది, బతికితే ఎవరికో అమ్మేసేవాళ్ళు. ఆ పాల పెరుగే మేము మూడు పూటలా తిన్నాం. ఇది మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి కాదు. మాంసం మానగానే బాధ పోతుందని ఆశపడి, పోకపోతే మీరు కుంగిపోతారేమోనని ముందే చెబుతున్నాను.

గుడ్డు దగ్గర నేనింకా తేల్చుకోలేదు. గుడ్ల ఫారాల్లో పెట్టకు దొరికే జాగా మనం జిరాక్స్ తీయించే ఏ4 కాగితమంత కూడా ఉండదు, రెక్క చాచలేదు. ఊరి గుడ్లు వారానికి డజను దొరికితే గొప్ప. మా చిన్నవాడికి పదకొండేళ్ళు, గుడ్డు లేనిదే టిఫిన్ బాక్సు తీసుకెళ్ళడు. రేపు పొద్దున కూడా ఒకటి ఉడకబెట్టి పెడతాను.