పై వరుసలోని సంవత్సరం

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జూనియర్ అసిస్టెంట్‌గా కారుణ్య నియామకం ఉత్తర్వు వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. 1990లో మీ పెదనాన్న పోయాక నా చేతికీ అలాంటి కాగితమే వచ్చింది. మొదటి నెలంతా ఆ కుర్చీ అంచునే కూర్చున్నాను, వెనక్కి ఆనుకోవడానికి మనసొప్పలేదు. నువ్వు అలా చేయకు. మీ నాన్న పాఠాలు చెప్పుకుని బతికిన మనిషి, నువ్వు బడిలో ఉండటం ఆయనకు ఇష్టంగానే ఉంటుంది.

మామూలు సంగతులు నీకు ఎవరైనా చెబుతారు. క్యాష్ బుక్ ఏ రోజుది ఆ రోజే రాయి. హెడ్మాస్టారు సంతకం చేసిన ఖాళీ చెక్కు నీ బీరువాలో ఉండనివ్వకు. ఏ టీచరుకు ఏ నెలలో ఇంక్రిమెంటో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకో. అటెండరుతో మర్యాదగా ఉండు, బడి గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది అతనికే.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది.

అది 1992 చివర. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్షకు కూర్చునే పిల్లల వివరాల జాబితాలు, మర్నాడు పొద్దున్నే జిల్లా విద్యాధికారి (డీఈవో) కార్యాలయానికి చేరాలి. అప్పట్లో పేర్లు, పుట్టిన తేదీలు, ఒంటి మీది రెండేసి పుట్టుమచ్చలు, అన్నీ చేత్తో రాయడమే. మచ్చలు పగలే చూసి రాసుకున్నాను. తేదీలు మిగిలిపోయాయి. ఇంట్లో మీ అన్నయ్యకు జ్వరం. అడ్మిషన్ రిజిస్టర్ ఇంటికి తెచ్చుకున్నాను, బడి గడప దాటించకూడని పుస్తకం అది. కరెంటు పోయింది. లాంతరు పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చుని ఎత్తి రాశాను. ఒక కుర్రాడి దగ్గర నా కన్ను పై వరుసకు జారింది. రోజు, నెల వాడివే పడ్డాయి. సంవత్సరం మాత్రం పై వరుసలోని పిల్లది పడింది. 1977 జూన్‌లో పుట్టినవాణ్ణి 1976లో పుట్టించాను.

వాడు పాసయ్యాడు. మార్కుల జాబితా నేనే చేతికిచ్చాను. తేదీ వాడూ చూడలేదు, నేనూ చూడలేదు.

1998 మొదట్లో సైన్యంలో సిపాయిల ఎంపికకు వెళ్ళాడు. మైలు పరుగులో నెగ్గాడు, ఛాతీ కొలత సరిపోయింది, కాగితాల దగ్గర ఆపేశారు. ఇరవై ఒక్క ఏళ్ళు దాటకూడదు. నా చేతిరాత ప్రకారం వాడికి దాటిపోయాయి.

తల్లి వచ్చింది. అప్పుడు నా ఉద్యోగం దివిసీమ పక్కన. "ఉప్పెన నాటికి వీడికి బోర్లా పడటమే వచ్చమ్మా, పాకడం కూడా రాదు. అంతకు ముందు ఏడు ఎలా పుడతాడు?" అంది. ఆ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. ఆమెకు అక్షరం రాదు, లెక్క మాత్రం తప్పలేదు. రిజిస్టర్ తెరిచాను. నాకు ముందు పనిచేసిన గుమాస్తా గుండ్రటి అక్షరాల్లో 1977 అని స్పష్టంగా ఉంది.

ఆ సాయంత్రం తోటి ఉద్యోగి ఒకరు నెమ్మదిగా అన్నారు, రిజిస్టర్‌లో ఏడును ఆరు చేసేస్తే తప్పు నీ మీదకు రాదని. ఆ మాటను నేను వెంటనే కొట్టిపారేయలేదు, అమ్మడూ. ఇద్దరు పిల్లలు, ఒక్క జీతం. తెల్లవార్లూ ఆలోచించాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు. పొద్దున్నే హెడ్మాస్టారి దగ్గరకు వెళ్ళి, తప్పు నాదేనని రాసిచ్చాను. సవరణ కోసం కాగితాలు పైకి పంపాం. దిద్దిన మార్కుల జాబితా వచ్చేసరికి జూన్ దాటింది, వాడికి నిజంగానే ఇరవై ఒకటి నిండాయి. నాకు ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఆపాల్సిందే. వాడు రొయ్యల చెరువుల మీద కాపలా పనికి కుదిరాడు.

చాలా ఏళ్ళకు బదిలీ మీద మళ్ళీ ఆ బడికే వెళ్ళాను. ఒక జూన్‌లో వాడు కూతురిని ఆరో తరగతిలో చేర్చడానికి నా బల్ల ముందుకు వచ్చాడు. కోపం లేదు ముఖంలో. నేను రాయడం పూర్తయ్యాక "తేదీ ఒకసారి పైకి చదవండమ్మా" అన్నాడు. చదివాను. "ఇంకోసారి" అన్నాడు.

అప్పటి నుంచి ఏ తేదీ రాసినా పైకి చదివాను. పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని వాళ్ళతో చదివించాను. నువ్వూ అలాగే చెయ్యి. ఇప్పుడంతా కంప్యూటర్ కదా పెద్దమ్మా అంటావు. ప్రతి విద్యార్థికీ ఇచ్చే అపార్ గుర్తింపు నంబరు కోసం ఆధార్‌లోని పేరు, బడిలోని పేరు కలవక తల్లిదండ్రులు ఎన్నిసార్లు తిరిగారో నా కళ్ళతో చూశాను. ఒక ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా, కూలి మాత్రం మూడు రోజులు పోయింది. కంప్యూటర్‌లోకి ఎక్కించేదీ మనిషి కన్నే.

నీకు ఓపిక తక్కువ, చిన్నప్పటి నుంచీ అంతే. జూన్‌లో టీసీల కోసం గుమ్మం ముందు వరుస కట్టినప్పుడు "రేపు రండి" అన్నావని నా చెవిన పడిందో, అక్కడికే వచ్చి కేకలేస్తాను. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకైతే టీసీ వెంటనే ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది, జాప్యం చేస్తే చర్య తప్పదు. పైతరగతుల వాళ్ళకు మాత్రం ఆగే తీరిక ఉంటుందా? స్టడీ సర్టిఫికెట్టూ అంతే. రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉద్యోగాల్లో ఎవరు స్థానికులో తేలేది ఏ ఊళ్ళో ఎన్నేళ్ళు చదివారన్న దాన్ని బట్టే. దరఖాస్తు చివరి తేదీ నాడు చెమటలు కక్కుతూ వచ్చినవాడిని చూసి విసుక్కోకు. ముందు కూర్చోమను, మంచినీళ్ళివ్వు, తర్వాత రిజిస్టర్ తీయి.

మధ్యాహ్నం నువ్వు కూడా తిను. పే బిల్లుల రోజుల్లో నేను ఎన్నిసార్లు మానేశానో, దాని ఫలితం ఇప్పుడు కడుపులో మంటగా అనుభవిస్తున్నాను.

మీ అన్నయ్యతో ఒక చెక్క స్కేలు పంపుతున్నాను. 1998లో కొన్నది, అంచు అరిగింది, అంకెలు చెరిగిపోయాయి. గీతలు గీయడానికి కాదు. రిజిస్టర్ చూసి రాసేటప్పుడు, ఏ పిల్ల వివరాలు రాస్తున్నావో ఆ వరుసకు పైన ఆనించి పెట్టుకో. పై వరుస కనబడకూడదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ