కాన్పు సెలవు అయిపోయి ఆఫీసుకు వెళ్లేలోపు ఏం కుట్టుకోవాలి, ఎన్ని కుట్టుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: పాపకు మూడో నెల, 26 వారాల సెలవు అవగానే ఆఫీసుకు వెళ్లాలి, కుర్తీలు, జాకెట్లు కుట్టడం వచ్చు, పాత బట్టలేవీ పట్టడం లేదు, పాలివ్వడానికి వీలుగా కొత్తవి ఎలా, ఎన్ని కుట్టుకోవాలి?

ముందు ఎన్ని అన్నది తేల్చుకోండి. ఈ సమయంలో పదింటికి సరిపడా బట్ట ఒకేసారి తెచ్చి, పదీ ఒకే కొలతకు కత్తిరించేస్తారు చాలామంది. పాలిచ్చే రోజుల్లో ఛాతీ కొలత పాలు పట్టకముందు ఒకటి, పట్టాక ఒకటి. ఆరో నెల దాటి అన్నం ముద్దలు మొదలయ్యాక అది మళ్లీ దిగుతుంది. నడుము, పక్కటెముకల చుట్టుకొలత వాటి తీరున అవి నెమ్మదిగా తగ్గుతాయి. అందుకని రెండు విడతలుగా కుట్టుకోండి. మొదటి విడతకు నాలుగు కుర్తీలు, మూడు ప్యాంట్లు, చీర కట్టే ఆఫీసైతే ముందు హుక్కుల జాకెట్లు రెండు చాలు. శనివారం కూడా పని ఉంటే ఐదో కుర్తీ. రెండో విడత పాపకు తొమ్మిది, పది నెలలప్పుడు, కొత్త కొలతలతో.

పాత ఆది జాకెట్టును ఇప్పుడు నమ్మకండి. దాని షోల్డరు, చేతి పొడవు పనికొస్తాయి, మిగతావేవీ పనికిరావు. పాలు పట్టడానికి కాస్త ముందు, రోజూ వేసుకోబోయే ఫీడింగ్ బ్రా మీదనే టేపు పెట్టండి. ఛాతీ నిండు కొలత, ఛాతీ కింది చుట్టు, షోల్డరు కుట్టు నుంచి చనుమొన వరకు, రెండు మొనల మధ్య దూరం, ఈ నాలుగూ కావాలి. నిండు కొలతకు కుర్తీలో 4 అంగుళాల వదులు కలపండి. పాలు పట్టాక తీసిన కొలతకు కుడితే మధ్యాహ్నం రెండు గంటలకల్లా చంకల దగ్గర పట్టేస్తుంది.

ఇక అసలు పని, తెరుచుకునే చోటు. రెండు పక్కలా ఛాతీ మీదుగా నిలువుగా దిగే ప్రిన్సెస్ కట్టు కుట్టులో కన్సీల్డ్ జిప్పు, అంటే మూస్తే బయటికి కనపడని జిప్పు, పెట్టడం ఆఫీసుకు అన్నిటికన్నా శుభ్రంగా ఉంటుంది. ప్రిన్సెస్ గీత చంక నుంచి కాకుండా షోల్డరు నుంచి దింపండి. చంక నుంచి వచ్చే గీత వంపు తిరుగుతుంది, వంపులో జిప్పు ఉబ్బుతుంది. షోల్డరు నుంచి మొన వరకు 10.5 అంగుళాలు వచ్చిందనుకోండి. దానికి 4 పైన, అంటే 6.5 దగ్గర తెరపు మొదలై, 4.5 కింద, అంటే 15 దగ్గర ఆగాలి. మొత్తం 8.5 అంగుళాలు. అంతకన్నా చిన్నదైతే ఒంటి చేత్తో బట్ట పక్కకు లాగలేరు. పెద్దదైతే కూర్చున్నప్పుడు పొట్ట మీద వంకర పోతుంది. ఈ అంకెలు ఉదాహరణకే, మీ కొలతతో మీరు వేసుకోండి.

జిప్పు మాత్రం 11 అంగుళాలది కొనండి. రన్నరు, అంటే జిప్పును తెరిచి మూసే ముక్క, అడ్డం వల్ల మిషను పాదం కింది కొసదాకా పోలేదు. ఎక్కువున్న పొడవును లోపల వదిలేసి, తెరపు ఆగే చోట పళ్ల మీదుగా చేతి సూదితో గట్టిగా ఏడెనిమిది పోగులు వేస్తే కొత్త ఆపు తయారు. కుట్టేముందు జిప్పు తెరిచి, చుట్టుకుని ఉండే పళ్లను తక్కువ వేడి ఇస్త్రీతో విప్పదీయండి. అప్పుడే కుట్టు పళ్ల పక్కనే పడుతుంది, బయటికి జిప్పు కనపడదు. వేడి ఎక్కువైతే నైలాన్ పళ్లు కరిగి ఆ జిప్పు చెత్తబుట్టకే.

చాలామందికి ఈ జిప్పు అలలు అలలుగా వస్తుంది. దానికి రెండు కారణాలు. ప్రిన్సెస్ అంచు పడుగు దారం వెంట తిన్నగా ఉండదు కాబట్టి కుట్టేటప్పుడు సాగుతుంది. దానికి అంచు వెంబడి అంగుళం వెడల్పు పేస్టింగ్ (ఇస్త్రీతో అంటుకునే గుడ్డ) ముక్క ముందే అతికించాలి. రెండోది, జిప్పు పట్టీ పాలిస్టరు, ఉతికితే కుంచించుకోదు. నూలు బట్ట 3 నుంచి 5 శాతం కుంచించుకుంటుంది. తడపకుండా కుట్టిన కుర్తీ మొదటి ఉతుకులోనే ముడుచుకుపోతుంది. లైనింగుదీ అదే కథ, దాన్ని కూడా తడిపి ఆరేశాకే కత్తిరించండి.

జిప్పు తెరిచినప్పుడు రన్నరు కింది కొసకు వస్తుంది, పాప బుగ్గ సరిగ్గా అక్కడే ఆనుతుంది. లోపలివైపు అంగుళంన్నర పొడవున మెత్తటి మల్మల్ ముక్కను చిన్న జేబులా కుట్టి రన్నరు అందులో దూరేలా చేయండి. లైనింగు వేస్తే దాన్ని కూడా ప్రిన్సెస్ ముక్కలుగానే కత్తిరించి, అంచులు జిప్పు పట్టీకి కుట్టాలి. ఒకే ముక్కగా వేస్తే జిప్పు తీశాక ఎదురుగా ఇంకో గుడ్డ ఉంటుంది. నవ్వొస్తుంది గానీ, అర్ధరాత్రి నిద్రమత్తులో కుట్టేవాళ్లకు ఇది జరిగే పనే.

జిప్పంటే భయమైతే ఒక కుర్తీని రెండు పొరలుగా కుట్టుకోండి. లోపలి ముందు భాగాన్ని ఛాతీకి రెండు పక్కలా నిలువుగా చీల్చి అంచులు మడవాలి. పై పొరను మొన కంటే 5 అంగుళాలు కిందికి వేలాడదీసి, పక్క కుట్లలోనూ మెడ దగ్గరా మాత్రమే కలపాలి. పైది ఎత్తితే చాలు. బట్ట 40 సెంటీమీటర్లు ఎక్కువ పడుతుంది, ఎండాకాలంలో ఉక్కపోస్తుంది. అందుకే ఒకటి చాలంటాను.

బట్ట లెక్క. నిండు ఛాతీ 40 అంగుళాలు, పొడవు 44, ముప్పావు చేతులు అనుకుంటే, 44 అంగుళాల పన్నాలో (బట్ట వెడల్పులో) ముందు, వెనక భాగాలు పక్కపక్కన పట్టవు, రెండు పొడవులు తీసుకోవాలి. మడతలతో కలిపి ఒక్కోటి 46 అంగుళాలు, అంటే 2.35 మీటర్లు. చేతులు వెనక భాగం పక్కన మిగిలిన చోట వచ్చేస్తాయి. కుంచించుకోవడం, ప్రిన్సెస్ కుట్టు మార్జిన్లు కలుపుకుని 2.75 మీటర్లు కొనండి. కొసరు ముక్క రన్నరు జేబులకు, మెడ పట్టీకి సరిపోతుంది.

ఏ బట్ట అన్నదాంట్లో పాల మరకను మరవొద్దు. లేత నీలం, బూడిద, లేత గులాబీ ప్లెయిన్ రంగుల్లో రూపాయి బిళ్లంత తడి కూడా ఎదుటివాళ్లకు కనిపిస్తుంది. చిన్న డిజైన్ల ప్రింటు, ముదురు రంగు కాపాడతాయి. పెడన కలంకారీ ఇందుకు చక్కగా పనికొస్తుంది. కాకపోతే మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా వేసి, తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు అంటడం లేదని చూసుకున్నాకే పాప దగ్గరికి తీసుకెళ్లండి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందంటారు గానీ, రంగు నిలవడం అద్దకంలోనే ఉంది, తర్వాత వేసే ఉప్పులో లేదు. మంగళగిరి నూలు బట్ట నిటారుగా నిలుస్తుంది, జిప్పు బాగా పడుతుంది, ముదురు రంగుల్లో తీసుకోండి. పోచంపల్లి ఇక్కత్ పెద్ద డిజైన్‌ను ప్రిన్సెస్ కుట్టు మధ్యకు కోసేస్తుంది, దాన్ని దుపట్టాకో, పై పొర కుర్తీకో ఉంచుకోండి. రేయాన్ ఒంటికి అంటుకుంటుంది, జిప్పు బరువుకు జారుతుంది, వద్దు. మంగళగిరికి 14 నంబరు సూది, మల్మల్‌కు 11.

జాకెట్లకు ముందు హుక్కులే, వెనక హుక్కుల జోలికి పోవద్దు. కింది రెండు హుక్కుల బదులు టిచ్ బటన్లు పెడితే కింది నుంచి తెరవడం తేలిక. పక్క కుట్ల దగ్గర నాలుగు అంచుల్లోనూ ఒక్కోదానికి అంగుళంన్నర లోపల వదలండి. అర అంగుళం మిగిల్చి విప్పినా అంగుళం చొప్పున మొత్తం 4 అంగుళాలు పెంచుకోవచ్చు. ఇప్పుడు నిండు కొలతకు కుట్టి, తర్వాత లోపలికి కుట్లు వేసుకుంటూ పోవచ్చు. చేతిలోనూ అంతే మార్జిన్ ఉండాలి. జాకెట్టు విప్పి చెయ్యి విప్పలేకపోతే చంకలో ముడత తప్పదు. చంక దగ్గర కత్తెర గాట్లు లోతుగా పెట్టకండి, విప్పిన రోజు అవే చిరుగులవుతాయి. పట్టు జాకెట్లకు ఈ పద్ధతి వద్దు, సూది రంధ్రాలు మిగిలిపోతాయి.

ప్యాంట్లు తేలిక. తుంటి 42, పొడవు 38 అయితే 44 పన్నాలో 2.5 మీటర్లు. సిజేరియన్ అయితే నడుము పట్టీ గాటు మీద పడకుండా బొడ్డు పైదాకా ఎత్తండి. ఎలాస్టిక్ అంగుళంన్నర వెడల్పుది, నడుము కొలత కంటే 3 అంగుళాలు తక్కువ. పట్టీ లోపలివైపు అంగుళం కుట్టకుండా వదిలితే రెండు నెలల తర్వాత అక్కడినుంచే లాగి తగ్గించుకోవచ్చు. నలుపు, ముదురు నీలం, మెరూన్ మూడు రంగులు నాలుగు కుర్తీలకూ కలుస్తాయి.

వరస ఇలా పెట్టుకోండి. ముందు ప్యాంట్లు. తర్వాత పాత నూలు చీరతో జిప్పు కుర్తీ పై సగం మాత్రం ప్రయోగంగా కుట్టి, అద్దం ముందు కాదు, పాపను ఒళ్లో పెట్టుకుని చూడండి. జిప్పు ఎత్తు తప్పితే తెలిసేది అప్పుడే. ఆ తర్వాత మంచి బట్టతో ఒకటి కుట్టి వారం వేసుకుని, రెండుసార్లు ఉతికి, మిగతావి కత్తిరించండి. కాన్పు సెలవు చట్టం ప్రకారం 26 వారాల్లో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకుని ఉంటే ఆఫీసుకు వెళ్లేనాటికి పాపకు 18 వారాలే, అంటే మీకు మిగిలింది సుమారు ఒకటి, రెండు నెలలే. అదే చట్టం 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి రావచ్చని చెబుతుంది. కాబట్టి ఆ జిప్పు రోజుకు నాలుగుసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. దారం నాసిరకం వాడకండి.

పాలు మాన్పించాక జిప్పులు పీకక్కర్లేదు. రన్నరు పైకి లాగి మూసి, లోపలివైపు నుంచి రెండు పట్టీలనూ కలిపి చేత్తో పొడవు కుట్లు వేసేస్తే అది మామూలు ప్రిన్సెస్ కుర్తీయే. మళ్లీ అవసరం పడితే ఆ దారం లాగేస్తే సరి.